ఎత్తైన బండ్ల కాలంలో హోండా సిటీ ఎవరికి సరిపోతుంది?

పదిహేను లక్షల రూపాయల దరిదాపుల్లో కుటుంబానికి కారు కొందామని బయల్దేరేవారిలో చాలామంది ఇప్పుడు డిక్కీ వేరుగా ఉండే సెడాన్లను చూడకుండానే ఎత్తైన ఎస్‌యూవీల దగ్గరికి వెళ్లిపోతున్నారు. ఆ ప్రభావం మార్కెట్లో స్పష్టంగా కనబడుతోంది. టయోటా యారిస్ 2021లో, మారుతి సియాజ్ 2025లో ఈ తరగతి నుంచి తప్పుకున్నాయి. ప్రధానంగా మిగిలినవి హోండా సిటీ, హ్యుందాయ్ వెర్నా, ఫోక్స్‌వాగన్ వర్టస్, స్కోడా స్లావియా అనే నాలుగే. వీటిలో సిటీ 1998 నుంచి మన రోడ్ల మీద ఉంది. ఇప్పుడు నడుస్తున్నది 2020లో వచ్చి, 2023లో మెరుగులు దిద్దుకున్న ఐదో తరం. ఈ కారు మంచిదా కాదా అనే ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు దొరకదు. అయితే ఎత్తైన బండి మోజులో కొనుగోలుదారులు ఏం వదులుకుంటున్నారో, దానికి ఎంత చెల్లిస్తున్నారో లెక్క వేసి చూస్తే, సిటీ ఎవరికి తగినదో, ఎవరికి తగనిదో చాలావరకు తేలిపోతుంది.

ఆ లెక్కకు ఆధారం హోండా షోరూంలోనే ఉంది. 2023 సెప్టెంబరులో వచ్చిన ఎలివేట్ అనే ఎస్‌యూవీలో సిటీలో ఉన్న 1.5 లీటర్ల పెట్రోలు ఇంజనే ఉంది. రెండింటిలోనూ 121 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) శక్తి, 145 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే చక్రాలను తిప్పే బలం. గేర్ల ఎంపికలు కూడా అవే: ఆరు గేర్ల మాన్యువల్, గేర్ల మెట్లు లేకుండా సాగే సీవీటీ ఆటోమేటిక్. మారింది పైన కూర్చున్న శరీరం. సిటీ ఎత్తు 1,489 మి.మీ. కాగా ఎలివేట్ ఎత్తు 1,650 మి.మీ. కంపెనీ ప్రకటించిన మైలేజీ చూస్తే మాన్యువల్ సిటీ లీటరుకు 17.8 కి.మీ. ఇస్తుండగా మాన్యువల్ ఎలివేట్ 15.31 దగ్గరే ఆగుతుంది. సీవీటీలో ఆ అంకెలు 18.4, 16.92. ఒకే ఇంజను, ఒకే కంపెనీ, ఒకే పరీక్షా పద్ధతి కాబట్టి, ఈ తేడాలో అధిక భాగం ఎత్తుకూ వెడల్పుకూ బరువుకూ మనం చెల్లించే మూల్యమే. పైగా గాలి నిరోధం వేగం వర్గానుపాతంలో (వేగం రెట్టింపైతే నాలుగింతలుగా) పెరుగుతుంది కనుక, హైదరాబాద్ నుంచి విజయవాడకో బెంగళూరుకో తరచూ హైవే మీద వెళ్లే కుటుంబానికి ఈ తేడా మరింత తెలిసివస్తుంది.

మైలేజీ కన్నా నేను ఎక్కువ బరువు ఇచ్చేది వెనక సీటుకు. కారు సమీక్షలు సాధారణంగా నడిపేవారి చేతుల్లోంచి, కాళ్లలోంచి రాస్తారు. కుటుంబ కారులో ఎక్కువమంది ప్రయాణించేది మాత్రం వెనకే. సిటీలో వెనక కూర్చున్నవారి మోకాళ్లకు చోటు ధారాళం, వీపు ఆనుకునే కోణం సుఖంగా ఉంటుంది. బరువు నేలకు దగ్గరగా ఉండటం వల్ల మలుపుల్లో శరీరం పక్కలకు ఊగడం తక్కువ. తిరుమలకు ఎక్కే రెండో ఘాట్ రోడ్డులోనో, అరకు దారిలోనో పిల్లలకు వాంతులయ్యే ఇళ్లకు ఈ గుణం విలువ వేరే చెప్పనక్కర్లేదు. మధ్యలో కూర్చునే మూడో మనిషికి మాత్రం ఈ కారు అంత ఉదారంగా ఉండదు. 1,748 మి.మీ. వెడల్పులో ముగ్గురు పెద్దవాళ్లు గంటల తరబడి కూర్చుంటే భుజాలు తగులుతాయి. ఇద్దరు పెద్దలు, మధ్యన ఒక పిల్లవాడు అయితే ఇబ్బంది లేదు.

డిక్కీ విషయంలో సెడాన్‌దే పైచేయి. పెట్రోలు సిటీ డిక్కీ 506 లీటర్లు, ఎలివేట్‌ది 458. హ్యుందాయ్‌లోనూ ఇదే కథ: వెర్నా డిక్కీ 528 లీటర్లయితే, దాదాపు అదే సొమ్ముకు జనం ఎగబడి కొంటున్న క్రెటాది 433. ముందు, వెనక చక్రాల మధ్య దూరం కూడా వెర్నాలో 2,670, క్రెటాలో 2,610 మి.మీ. బయటికి పెద్దగా కనబడే బండి లోపల కూడా పెద్దదని అనుకోవడం ఎంత పొరపాటో ఈ అంకెలు చెబుతాయి. ఊరి నుంచి బియ్యం బస్తా, పచ్చళ్ల జాడీలు, నలుగురి సూట్‌కేసులు వేసుకుని తిరిగొచ్చే ఇంటికి, సామాను మనుషులు కూర్చునే చోటి నుంచి పూర్తిగా వేరుగా ఉండటం కూడా మేలే. వాసన లోపలికి రాదు, గట్టిగా బ్రేకు వేసినప్పుడు తలల మీదికి ఏదీ ఎగిరి రాదు. డిక్కీ మూతి చిన్నది కాబట్టి వాషింగ్ మెషీన్ లాంటి పెద్ద పెట్టెలు పట్టవు, అంతే.

ఇక సిటీ ఓడిపోయే చోట్లు. మొదటిది నేలకూ బండికీ మధ్య ఉన్న 165 మి.మీ. ఖాళీ. ఎలివేట్‌కు అది 220, సెడాన్లలోనే వర్టస్‌కు 179. ఐదుగురు ఎక్కి, డిక్కీ నిండితే 165 ఇంకా తగ్గుతుంది. కొలతలు లేకుండా పోసిన స్పీడ్ బ్రేకర్లు మన పల్లెల్లోనే కాదు, నగరాల కాలనీల్లోనూ ఉన్నాయి. వాటి మీద నెమ్మదిగా, కొంచెం ఏటవాలుగా దాటించడం అలవాటు చేసుకోవాలి. వారానికోసారి పొలానికి మట్టిబాటలో వెళ్లేవారు, వానాకాలంలో ఇంటి ముందు మోకాటి లోతు నీళ్లు నిలిచే వీధిలో ఉండేవారు ఈ తరగతి సెడాన్లనే పక్కన పెట్టడం మంచిదని నా అభిప్రాయం; వారికి ఎలివేట్ ఎత్తు నిజంగా అవసరమైన ఎత్తు. రెండోది పెద్దవాళ్ల మోకాళ్లు. సెడాన్‌లోకి దిగి కూర్చోవాలి, లేచి బయటికి రావాలి. కీళ్ల నొప్పులున్న అమ్మమ్మనో తాతయ్యనో రోజూ ఆసుపత్రికి తిప్పాల్సిన ఇంట్లో, నడుము ఎత్తులో ఉండే సీటు ఇచ్చే సౌకర్యం ముందు మైలేజీ, డిక్కీ లెక్కలన్నీ చిన్నవే.

ఇంజను గురించి కొంచెం విపులంగా చెప్పాలి, ఎందుకంటే టెస్ట్ డ్రైవ్‌లో చాలామంది సిటీని తక్కువగా అంచనా వేసేది ఇక్కడే. ఇది టర్బో (ఇంజనులోకి గాలిని బలంగా నెట్టే పరికరం) లేని ఇంజను. పూర్తి టార్క్ 4,300 ఆర్‌పీఎం (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) వద్ద వస్తుంది, పూర్తి శక్తి 6,600 వద్ద. వర్టస్, స్లావియాల్లోని ఒక లీటరు టర్బో ఇంజనుకు మూడు సిలిండర్లే ఉన్నా, 178 న్యూటన్ మీటర్ల టార్క్ 1,750 ఆర్‌పీఎంకే చేతికొస్తుంది. వెర్నాలోని 1.5 లీటర్ల టర్బో అయితే 160 పీఎస్, 253 న్యూటన్ మీటర్లతో మరో స్థాయిలో ఉంటుంది. కాబట్టి ఐదుగురితో, ఏసీతో, రెండు వరుసల రోడ్డు మీద లారీని దాటాలంటే సిటీలో గేరు తగ్గించి ఇంజనును గట్టిగా తిప్పాలి. సీవీటీలో అయితే ఆ క్షణాన మోత పెరుగుతుంది, వేగం దాని వెనక వస్తుంది. శ్రీశైలం వెళ్లే నల్లమల ఘాట్‌లో ఈ తేడా బాగా తెలుస్తుంది. అలాంటి దారుల్లో ఎక్కువగా తిరిగేవారికి, నడపడంలో ఆనందం వెతుక్కునేవారికి నేను వర్టస్‌నే సూచిస్తాను. నగరంలో ఆఫీసుకూ బడికీ తిరుగుతూ నెలకోసారి నాలుగు వరుసల హైవే ఎక్కేవారికి మాత్రం సిటీ ఇంజను మృదుత్వం, నాలుగు సిలిండర్ల నిశ్శబ్దం ఎక్కువ సుఖాన్నిస్తాయి. ఆగుతూ కదులుతూ సాగే ట్రాఫిక్‌లో సీవీటీ కుదుపు లేకుండా నడుస్తుంది. కొన్ని టర్బో కార్లలో వచ్చే డ్రై క్లచ్ (నూనెలో మునగని క్లచ్) రకం ఏడు గేర్ల ఆటోమేటిక్‌లు హైవే మీద ఎంత చురుకైనవో, అలాంటి ట్రాఫిక్‌లో క్లచ్ వేడెక్కే స్వభావం కూడా వాటికి అంతే ఉంది. వారంటీ ముగిశాక ఆ మరమ్మతు ఖర్చు చిన్నదేమీ కాదు.

2022లో వచ్చిన హైబ్రిడ్ సిటీ గురించి కొనుగోలుదారుల్లో ఆసక్తి చాలా ఉంది, అది న్యాయమే. సాంకేతికంగా ఈ తరగతిలో ఇంత చక్కని ఆలోచన మరొకటి లేదు. నగర వేగాల్లో చక్రాలను తిప్పేది విద్యుత్ మోటారు. పెట్రోలు ఇంజను చాలాసేపు ఆగి ఉంటుంది, నడిచినప్పుడు కూడా ప్రధానంగా జనరేటరులా కరెంటు తయారుచేస్తుంది. హైవే మీద నిలకడ వేగంలో ఇంజను క్లచ్ ద్వారా నేరుగా చక్రాలకు జతపడుతుంది. బ్రేకు వేసినప్పుడు వృథా అయ్యే శక్తిలో కొంత తిరిగి బ్యాటరీలోకి వెళ్తుంది. ప్రకటిత మైలేజీ 27.13 కి.మీ. ఇంత చెప్పాక లెక్క కూడా చూద్దాం. నగరంలో వాస్తవంగా సీవీటీ లీటరుకు 13, హైబ్రిడ్ 20 ఇస్తాయనీ, లీటరు పెట్రోలు 108 రూపాయలనీ, రెండింటి ఆన్‌రోడ్ (పన్నులు, బీమా కలిపిన) ధరల మధ్య తేడా 4 లక్షలనీ అనుకుందాం. నెలకు 1,000 కి.మీ. తిరిగే ఇంటికి ఆదా సుమారు 27 లీటర్లు, అంటే 2,900 రూపాయలు, ఏడాదికి దాదాపు 35,000. ఎక్కువ పెట్టిన 4 లక్షలు తిరిగిరావడానికి పదకొండేళ్లు దాటుతుంది, అప్పు మీద వడ్డీ లెక్కలోకి తీసుకోకుండానే. బ్యాటరీకి కంపెనీ ఇచ్చే వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కి.మీ. నెలకు 2,000 కి.మీ., అదీ ఎక్కువగా నగర ట్రాఫిక్‌లో తిరిగేవారికైతే ఆరేళ్లలోపే లెక్క సరిపోతుంది; వారు నిశ్చింతగా కొనవచ్చు. మిగతావారు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి: బ్యాటరీ చేరడంతో, విడుదలైనప్పుడు హైబ్రిడ్ డిక్కీ 306 లీటర్లకు పడిపోయింది. సెడాన్ కొనడానికి నేను పైన చెప్పిన ప్రధాన కారణాల్లో ఒకటి అక్కడే సగం కరిగిపోతుంది.

భద్రత దగ్గర సిటీ గురించి నాకు పూర్తి తృప్తి లేదు. కార్లను ఢీకొట్టించి భద్రతకు నక్షత్రాలిచ్చే సంస్థల్లో ఒకటైన ఆసియాన్ ఎన్‌క్యాప్ ఐదో తరం సిటీకి 2020లో ఐదు నక్షత్రాలు ఇచ్చింది గానీ, ఆ పరీక్ష ఆగ్నేయాసియా మార్కెట్ల కోసం జరిగినది. అలాంటిదే అయిన గ్లోబల్ ఎన్‌క్యాప్ 2022లో పరీక్షించి నాలుగు నక్షత్రాలు ఇచ్చిన సిటీ అంతకుముందు తరానిది. వర్టస్, స్లావియాలు 2023లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దల భద్రతలోనూ పిల్లల భద్రతలోనూ ఐదు నక్షత్రాలు పొందాయి, ఢీకొన్న తర్వాత వాటి శరీర నిర్మాణం స్థిరంగా ఉందని నివేదిక చెప్పింది. అదే ఏడాది వెర్నాకూ ఐదు నక్షత్రాలు వచ్చాయి, కానీ దాని శరీర నిర్మాణాన్ని అస్థిరంగా గుర్తించారు. నక్షత్రాలు సమానమైనంత మాత్రాన రెండు కార్లూ సమానం కావని, నివేదికలోని ఆ ఒక్క వాక్యం కోసమైనా కొనేవారు చదవాలని నేను గట్టిగా కోరుతున్నాను. క్రాష్ పరీక్ష ఒక్కటే ప్రమాణమైతే ఈ నాలుగింటిలో వర్టస్, స్లావియాలదే మొదటి స్థానం.

సిటీకి అనుకూలంగా చెప్పాల్సింది, ముందు అద్దం వద్ద ఉన్న కెమెరా ఆధారంగా పనిచేసే హోండా సెన్సింగ్‌ను కంపెనీ ఒక్క పైస్థాయి వేరియంట్‌కే పరిమితం చేయకపోవడం. ముందున్న బండిని గుద్దబోతుంటే తానే బ్రేకు వేయడం, గీత దాటుతుంటే స్టీరింగ్‌ను సరిదిద్దడం దీని పనులు. గంటకు 120 కి.మీ. వేగం అనుమతించే హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లాంటి చోట, గీతలు స్పష్టంగా ఉన్నంతవరకు ఇది మంచి తోడు. ఆటోలు, బైకులు ఎదురుదారిలో వచ్చే వీధుల్లో, జోరు వానలో దీని మీద భారం వేయకూడదు. వెనక సీటు బెల్టు కూడా చట్టప్రకారం తప్పనిసరి. మంచి కారు కొని ఆ బెల్టును సీటు కింద తోసేసే ఇళ్లను చూస్తే బాధ కలుగుతుంది.

ధరలో పన్నుల వాటా కూడా తెలిసి ఉండాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లోకి వచ్చిన జీఎస్టీ మార్పులతో పెట్రోలు సిటీ మీద సెస్సుతో కలిపి 45 శాతం ఉన్న పన్ను 40కి తగ్గింది. అయితే నాలుగు మీటర్లలోపు పొడవు, 1,200 సీసీలోపు ఇంజను ఉన్న పెట్రోలు కార్లకు అది 29 నుంచి 18కి దిగింది. అంటే సిటీ చవకైనా, మారుతి డిజైర్, హోండా అమేజ్ లాంటి చిన్న సెడాన్లతో పోలిస్తే పన్నుల అంతరం 16 నుంచి 22 శాతానికి పెరిగింది. ధర పెరిగేకొద్దీ రాష్ట్ర జీవితకాల పన్ను శాతం కూడా పెరుగుతుంది కాబట్టి, ఎక్స్‌షోరూం ధరలను పోల్చి నిర్ణయం తీసుకోకూడదు, ఆన్‌రోడ్ ధరలనే పక్కపక్కన పెట్టి చూడాలి. ముగ్గురే ఉన్న చిన్న కుటుంబం, ప్రయాణాలు తక్కువ అయితే, ఆ డబ్బు మిగుల్చుకుని అమేజ్ తీసుకోవడంలో తప్పేమీ లేదు.

సిటీయే కావాలనుకున్నవారికి నా సూచన మధ్యస్థాయి పెట్రోలు వేరియంట్. నగరంలో ఎక్కువ తిరిగితే సీవీటీ, పల్లె దారులూ ఘాట్‌లూ ఎక్కువైతే మాన్యువల్. పైస్థాయిలో అదనంగా వచ్చే సన్‌రూఫ్ మన ఎండల్లో ఏడాదిలో ఎక్కువ రోజులు మూసే ఉంటుంది. ఆ సొమ్ము వారంటీ పొడిగింపుకు, పిల్లల కోసం కారులోని కొక్కేలకు బిగించే ఐసోఫిక్స్ సీటుకు పెట్టడం మేలు. హోండాకు మారుతి, హ్యుందాయ్‌లకు ఉన్నన్ని సర్వీసు కేంద్రాలు జిల్లాల్లో లేవు కనుక, ఆదిలాబాద్, శ్రీకాకుళం వంటి జిల్లాల్లో ఉండేవారు బుకింగ్‌కు ముందే దగ్గరి కేంద్రం ఎంత దూరమో చూసుకోవాలి. టెస్ట్ డ్రైవ్‌కు ఒక్కరే వెళ్లకుండా ఇంట్లో పెద్దవాళ్లను వెనక కూర్చోబెట్టుకుని, షోరూం చుట్టూ తిప్పే నున్నటి రోడ్డు మీద కాకుండా మీ సొంత కాలనీ స్పీడ్ బ్రేకర్ల మీదుగా నడిపిస్తామని అడగండి. దానికి ఒప్పుకోని డీలరు దగ్గర డబ్బు కట్టొద్దు.