కడప డీటీపీ బల్ల మీదికి లైనక్స్ రావాలంటే

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు ఉచిత భద్రతా నవీకరణలను మైక్రోసాఫ్ట్ ఆపేసింది. నమోదు చేసుకున్న వ్యక్తిగత కంప్యూటర్లకు మాత్రం 2026 అక్టోబరు 13 వరకు గడువు ప్రకటించింది. పోనీ విండోస్ 11 వేసుకుందామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే ఎనిమిదో తరం గానీ ఆ తర్వాతిది గానీ అయి ఉండాలి. కడప ఏడురోడ్ల చుట్టుపక్కల జిరాక్స్, డీటీపీ అంగళ్లలోనూ, ప్రొద్దుటూరు బజారులో లెక్కలు రాసుకునే బల్లల మీదా నేటికీ తిరుగుతున్న నాలుగో తరం, ఆరో తరం యంత్రాలకు ఆ దారి మూసుకుపోయినట్టే. అవి చెడిపోయినవేమీ కావు. నాలుగు జీబీ ర్యామ్ ఉండి, పాత హార్డ్ డిస్కు తీసి ఒక ఎస్ఎస్‌డీ తగిలిస్తే ఇంకొన్నేళ్లు చాకిరీ చేయగలవు. అలాంటి యంత్రాన్ని పాత సామాన్ల వాళ్లకు అమ్మేయకుండా నిలబెట్టుకోవడానికి, విండోస్‌కు బదులు వేసుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టం డెస్క్‌టాప్ లైనక్స్ మంచి దారి అని నేను గట్టిగా నమ్ముతాను. అయితే మారినవాళ్లలో చాలామంది నెల తిరక్కుండానే ఎందుకు వెనక్కి వెళ్తున్నారో మనం సరిగ్గా చెప్పుకోవడం లేదని, అందువల్లే మారే పనిని తోక నుంచి మొదలుపెడుతున్నామని నా అభిప్రాయం.

లైనక్స్ గురించి చెప్పేవాళ్లు ముందుగా ఎత్తుకునేది ‘ఉచితం’ అన్న మాట. మన బజారులో ఆ మాటకు బరువు లేదు. కంప్యూటరు బిగించి ఇచ్చే కుర్రవాడే విండోస్, ఆఫీసు, పేజ్‌మేకరు అన్నీ అదే చేత్తో ఎక్కించి ఇస్తాడు, వాటికి వేరే డబ్బు అడగడు. లైసెన్సు ధర ఎన్నడూ చెల్లించని మనిషికి ఆ ధర మిగులుతుందని చెప్పి ఏం లాభం? అదే మనిషికి పెన్‌డ్రైవ్ సంగతి చెబితే చెవి ఒగ్గి వింటాడు. రోజుకు ఎంతమంది ఆధార్ కాపీకనీ, అర్జీ ప్రింటుకనీ పెన్‌డ్రైవులు తెచ్చి గుచ్చుతారో, వాటిలో ఎన్నింటిలో ఫైళ్లన్నీ మాయమై షార్ట్‌కట్లు మాత్రమే కనిపిస్తాయో అంగడివాళ్లకు బాగా తెలుసు. విండోస్ కోసం రాసిన ఆ వైరస్సులు లైనక్స్‌లో నడవవు. దాచిపెట్టిన అసలు ఫైళ్లు అక్కడ మామూలుగానే కనిపిస్తాయి. జిరాక్స్ అంగడికి లైనక్స్ చేసే మొదటి మేలు ఇదే.

కొత్తగా మారినవారికి మొదటి వారంలో ఎదురయ్యే చిక్కులు కొన్ని ఉన్నాయి. కారణం తెలియనంతవరకే అవి భయపెడతాయి. విండోస్‌నూ లైనక్స్‌నూ పక్కపక్కనే ఉంచుకున్నవారికి ఒక పూట విండోస్‌లో గడియారం అయిదున్నర గంటలు వెనక్కి పోతుంది. మదర్‌బోర్డు గడియారంలో ఉన్నది స్థానిక సమయమని విండోస్ అనుకుంటే, అది గ్రీనిచ్ సమయమని లైనక్స్ అనుకుంటుంది. మనకూ గ్రీనిచ్‌కూ ఉన్న తేడాయే అక్కడ బయటపడుతుంది. ఒక్క ఆజ్ఞతో సరిచేసుకోవచ్చు. ఇక ‘డి డ్రైవ్’ విషయం. మనవాళ్లు విలువైనదంతా దాచుకునేది అందులోనే. లైనక్స్‌లో ఆ అక్షరం ఉండదు, ‘న్యూ వాల్యూమ్’ అనో మరో పేరుతోనో అది ఒక పక్కన కూర్చుని ఉంటుంది. తెరిస్తే ఫైళ్లు కనిపిస్తాయి గానీ ఒక్కోసారి కొత్తది దాచుకోనివ్వదు. విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్ యంత్రాన్ని పూర్తిగా ఆపకుండా సగం నిద్రలో ఉంచుతుంది కనుక, ఆ స్థితిలో ఉన్న డిస్కు మీద రాస్తే సమాచారం దెబ్బతింటుందని లైనక్స్ జాగ్రత్త పడుతుంది. షిఫ్ట్ నొక్కి పట్టుకుని విండోస్‌ను షట్‌డౌన్ చేస్తే చాలు. వైఫై చిప్పుకు డ్రైవరు దొరకనప్పుడు ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి టెథరింగ్ పెట్టుకుంటే ఇంటర్నెట్ వస్తుంది, దాని మీదుగా డ్రైవరు దింపుకోవచ్చు. ఇవన్నీ పక్కన తెలిసినవారు ఒకరుంటే ఒక పూటలో తేలిపోయేవే.

ప్రింటరు దగ్గర మాత్రం కొంచెం ఆగాలి. అంగళ్లలో ఎక్కువగా కనిపించే క్యానన్ ఎల్‌బీపీ 2900 వంటివి అందరికీ తెలిసిన ముద్రణ భాషలు కాకుండా తయారీదారు సొంత పద్ధతి మీద నడుస్తాయి. లైనక్స్‌లో వాటిని పని చేయించడం కుదురుతుంది గానీ, ఎదురుగా గిరాకీ నిలబడి ఉన్నప్పుడు నేర్చుకునే పని కాదది. తమ ప్రింటరు పేరుతో లైనక్స్ డ్రైవరు ఉందో లేదో లైనక్స్ రకాలైన మింట్‌నో ఉబుంటునో డిస్కులో ఎక్కించకుండా పెన్‌డ్రైవ్ మీద నుంచే (లైవ్ పద్ధతిలో) నడిపి, ఒక పేజీ తీసి చూసుకున్నాకే డిస్కు ముట్టుకోవాలి.

ఇంత చెప్పినా, డీటీపీ అంగడి లైనక్స్‌కు మారలేకపోవడానికి అసలు కారణం ఇప్పటిదాకా చెప్పినవాటిలో లేదు. అది తెలుగు ఫాంటులో ఉంది.

మన దగ్గర పెళ్లిపత్రికలు, కరపత్రాలు, దస్తావేజుల నకళ్లు, బడి ప్రశ్నపత్రాలు ఏళ్ల తరబడి పుటలు అమర్చే పేజ్‌మేకరులో అను అనే తెలుగు ఫాంట్లతో కొట్టినవే. పేజ్‌మేకరు 7.0 వచ్చింది 2001లో, దాని అభివృద్ధిని అడోబీ ఆపేసింది 2004లో. అయినా ఆ ఫైలే కావాలని ప్రెస్సులు అడుగుతాయి గనుక అది బతికే ఉంది. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరానికి తెలుగు సంకేతం ఉండదు. ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన స్థానాల్లో తలకట్టు, గుడి, ఒత్తు, అక్షరపు ముక్క బొమ్మలుగా కూర్చుంటాయి. ఫాంటు ఉన్నంతసేపు అది తెలుగు, తీసేస్తే ఇంగ్లీషు అక్షరాలూ వింత గుర్తులూ కలిసిన గజిబిజి. అందుకే ఆ ఫైలులో ఒక పేరు వెతికితే దొరకదు, ఒక పేరా తీసి వాట్సాప్‌లో అతికిస్తే ఎవరికీ అర్థం కాదు, ఫోటోగా మార్చి పంపాల్సి వస్తుంది. లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేరు 2015 నుంచే పేజ్‌మేకరు ఫైళ్లను తెరవగలుగుతోంది. తెరిచినా లోపల ఉండేది ఆ గజిబిజే. విండోస్ ప్రోగ్రాములను లైనక్స్‌లో నడిపే వైన్ సాయంతో పేజ్‌మేకరును నడుపుదామన్నా, నొక్కిన మీటను మధ్యలోనే పట్టుకుని మార్చే అను స్క్రిప్ట్ మేనేజరు అక్కడ కుదురుగా పని చేస్తుందని నమ్ముకోలేం.

అంటే ఆ అంగడి తాళం విండోస్ చేతిలో లేదు. ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటు ఉంది, విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు మన ఇళ్లకు వచ్చింది 2001లో. ఇన్నేళ్లయినా ముద్రణ రంగం అటు మళ్లకపోవడానికి రెండు న్యాయమైన కారణాలు ఉన్నాయి. పత్రికకు తగిన సొగసైన ఫాంట్లు యూనికోడ్‌లో లేవన్నది మొదటిది. ఒకప్పుడు అది నిజం. సిలికానాంధ్ర చొరవతో రామభద్ర, మల్లన్న, మండలి, ధూర్జటి వంటివి స్వేచ్ఛా లైసెన్సుతో వచ్చాక ఆ లోటు పూర్తిగా తీరకపోయినా బాగా తగ్గింది. రెండోది చేతి అలవాటు, అసలు బరువంతా దీని మీదే ఉంది. ఇరవై ఏళ్లుగా కీబోర్డు వంక చూడకుండా, ఎదురుగా కూర్చున్నవారు చెబుతుండగానే అర్జీ కొట్టేసే ఆపరేటరు వేళ్లలో ఉన్నది యాపిల్ అనే కీబోర్డు అమరిక. లైనక్స్ వేయగానే ఆమెకు కనిపించేది ఇన్‌స్క్రిప్ట్ అనే వేరే అమరిక. అక్షరం ఎక్కడుందో వెతుక్కుంటూ కూర్చుంటే ఆ రోజు కూలి పోతుంది. ఆమెకు ఎవరూ చెప్పని సంగతేమిటంటే, లైనక్స్‌లో టైపింగు చూసుకునే ఐబస్‌లో ఎం17ఎన్ అనే ప్యాకేజీ చేర్చుకుంటే తెలుగుకు యాపిల్, ఆర్‌టీఎస్, పోతన అమరికలు కూడా వస్తాయి. అనులో అలవాటైన చేతికి అక్కడక్కడా తేడా తగలవచ్చు గానీ మొదటి నుంచీ నేర్చుకోవలసిన పని ఉండదు.

అందుకే ఎవరైనా సలహా అడిగితే లైనక్స్‌ను చివరికి పెట్టమని చెబుతాను. ముందు విండోస్‌లోనే ఉండి, కొత్తగా వచ్చే ప్రతి పనినీ యూనికోడ్‌లో కొట్టడం మొదలుపెట్టాలి. మళ్లీమళ్లీ వాడే పాత నమూనాలను మాత్రమే అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టరుతో మార్చుకుని, ఒత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి కనుక ఒకసారి దిద్దుకోవాలి. ఉత్తరాలకూ దరఖాస్తులకూ లిబ్రేఆఫీస్, పుటల అమరికకు స్క్రైబస్ విండోస్‌లోనూ నడుస్తాయి, అక్కడే అలవాటు చేసుకోవాలి. స్క్రైబస్ పాత రూపాల్లో మన ఒత్తులు సరిగా పడేవి కావు కనుక 1.6 గానీ ఆ తర్వాతిది గానీ వేసుకోవాలి. ఆ పనిముట్లతో రోజు గడుస్తున్నదని నమ్మకం కుదిరాక కింద ఉన్న ఆపరేటింగ్ సిస్టం మారినా ఆపరేటరుకు కొత్తగా తోచేది కొద్దిపాటిదే. ఇప్పుడు జరుగుతున్నది ఇందుకు పూర్తిగా తిరగబడి ఉంది. అన్నీ ఒక్క రాత్రిలో మార్చేస్తారు, ఉదయం గిరాకీ ముందు చేతులు ఆడవు, సాయంత్రానికి మళ్లీ విండోస్ ఎక్కుతుంది.

లెక్కల పనివారికి ఈ సలహా కూడా చాలదు. ట్యాలీ విండోస్ కోసమే తయారైంది. ఆదాయపు పన్ను దాఖలుకు వాడే ఎక్సెల్ యుటిలిటీలు మాక్రోల (ఎక్సెల్ లోపల నడిచే చిన్న ప్రోగ్రాముల) మీద నడుస్తాయి, లిబ్రేఆఫీస్‌లో వాటి మీద ఆధారపడలేం. అటువంటివారు ఆ పనికి ఒక విండోస్ 11 యంత్రం ఉంచుకుని, మిగతా బల్లలకు లైనక్స్ పెట్టుకోవడమే తెలివైన పని. అన్నీ మార్చితేనే మారినట్టు అన్న పట్టుదల వల్ల నష్టపోయేది లైనక్సే.

కేరళ బడుల్లో లైనక్స్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు నిలదొక్కుకున్నదంటే, అక్కడ ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి ప్రతి బడిలోనూ ఐటీ బాధ్యత చూసే ఒకరిని ఉంచారు. మన తెలుగు నేలమీద ‘స్వేచ్ఛ’ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమం ఆపరేటింగ్ సిస్టంనే తెలుగులోకి తెచ్చింది, కానీ దాన్ని ఏడురోడ్ల అంగడిదాకా తీసుకొచ్చేవారు లేకపోయారు. యోగి వేమన విశ్వవిద్యాలయం, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ ఉన్న జిల్లా ఇది. ఇంజనీరింగ్ విద్యార్థులు లైనక్స్ ఆజ్ఞలు ల్యాబులో నేర్చుకుని, పరీక్ష రాసి, అక్కడే వదిలేస్తున్నారు. ఆఖరి సంవత్సరపు ప్రాజెక్టుగా ఒక్కో జట్టు ఒక్కో డీటీపీ అంగడిని తీసుకుని, దాని పాత నమూనాలను యూనికోడ్‌లోకి మార్చి, ప్రింటరును పని చేయించి, ఒక నెలపాటు ఆపరేటరు ఫోను చేస్తే పలికితే, దానికి మార్కులు ఇవ్వడానికి విశ్వవిద్యాలయాలకు ఏ కొత్త నిధులూ అవసరం లేదు.