బార్ కౌన్సిల్‌కు పరీక్ష పెట్టేదెవరు?

కొత్త లా కాలేజీలకు మూడేళ్లపాటు అనుమతులు ఇచ్చేది లేదని, న్యాయవాద వృత్తిని, న్యాయవిద్యను నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2025 ఆగస్టులో ప్రకటించింది. నాసిరకం కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచాయట, న్యాయవిద్య వ్యాపారమైపోయిందట. మరి వాటికి అనుమతులిచ్చిందెవరు? ఇదే కౌన్సిల్. తనిఖీలు చేయించి సంతకాలు పెట్టిందెవరు? ఇదే కౌన్సిల్. లాసెట్ రాసి ఆ కాలేజీల్లో చేరి, మూడేళ్లో అయిదేళ్లో ఫీజులు కట్టి, పట్టా చేతబట్టుకుని వచ్చిన కుర్రాడిని గుమ్మంలో ఆపి, ఈ పట్టా చాలదు, 3,500 రూపాయలు కట్టి మా అఖిల భారత బార్ పరీక్ష రాయమంటున్నదీ ఇదే కౌన్సిల్. వంట తనదే, వడ్డన తనదే. బాగోలేకపోతే తప్పు మాత్రం తిన్నవాడిది!

అసలు ఈ పరీక్షే వద్దనేవాళ్లున్నారు. వారితో మేము ఏకీభవించం. వకీలుగా నమోదుకు ముందు శిక్షణ తప్పనిసరి చేసే అధికారం కౌన్సిల్‌కు లేదన్న 1999 నాటి సుధీర్ కేసు తీర్పును కాదని, పరీక్ష పెట్టే అధికారం కౌన్సిల్‌కు ఉందని 2023 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. ఇల్లో పొలమో చేజారిపోతుందన్న భయంతో వకాల్తా మీద సంతకం పెట్టే మనిషికి, ఎదుట కూర్చున్న నల్లకోటుకు చట్టం తెలుసన్న భరోసా ఉండాల్సిందే.

ఆ భరోసా ఈ పరీక్ష ఇస్తోందా? మూడు గంటలు, 100 ప్రశ్నలు, నాలుగింట్లో ఒకటి టిక్కు పెట్టాలి. తప్పు రాస్తే మార్కులేమీ పోవు. బేర్ యాక్టులు, అంటే వ్యాఖ్యానాలు లేని చట్టాల పుస్తకాలు, పక్కనే పెట్టుకోవచ్చు. 2021 దాకా అయితే గైడ్లు, నోట్సులు కూడా తీసుకెళ్లనిచ్చారు. జనరల్, ఓబీసీ అభ్యర్థులకు 45, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం వస్తే పాస్. దావా ఎలా రాయాలి, కాలపరిమితి దాటిందో లేదో ఎలా లెక్కగట్టాలి, పొద్దున్న అరెస్టయినవాడి కోసం మధ్యాహ్నానికల్లా బెయిల్ పిటిషన్ ఎలా సిద్ధం చేయాలి, సాక్షిని ఎక్కడిదాకా క్రాస్ ఎగ్జామిన్ చేసి ఎక్కడ ఆపాలి? క్లయింటుకు కావలసింది ఇవి. పరీక్ష అడగనివీ ఇవే. ఒక్క పేజీ కూడా సొంతంగా రాయించకుండా వకీలును తేల్చే పద్ధతి ఇది. కటాఫ్ నాలుగైదు మార్కులు అటూ ఇటూ జరిపి సంస్కరణ అంటే నవ్వొస్తుంది.

ఇక ఫీజు. ఎన్‌రోల్‌మెంట్‌కు, అంటే వకీలుగా పేరు నమోదుకు, జనరల్ అభ్యర్థుల దగ్గర 750, ఎస్సీ, ఎస్టీల దగ్గర 125 రూపాయలకు మించి తీసుకోరాదని 2024 జూలై 30న సుప్రీంకోర్టు బార్ కౌన్సిళ్లకు గట్టిగానే చెప్పింది. అది ఎన్‌రోల్‌మెంట్ ఫీజు, ఇది పరీక్ష ఫీజు అంటారు కౌన్సిల్ పెద్దలు. జూనియర్ జేబుకు ఆ తేడా తెలియదు. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20 వేలు, గ్రామాల్లో 15 వేలు ఇవ్వండని అదే ఏడాది అక్టోబరులో సీనియర్లకు ఇదే కౌన్సిల్ సూచించింది. సూచన మాత్రమే సుమా! ఎంతమంది ఇస్తున్నారో ఏ జిల్లా కోర్టు క్యాంటీన్‌లో అడిగినా చెబుతారు. కుర్రాళ్ల నుంచి రావాల్సింది తప్పనిసరి, కుర్రాళ్లకు ఇవ్వాల్సింది మాత్రం ఇష్టముంటేనే.

పరీక్ష తేదీల సంగతీ అంతే. 2024లో మొదట నవంబరు 24 అన్నారు, తర్వాత డిసెంబరు 1 అన్నారు, చివరికి 22న పెట్టారు. చివరి ఏడాది విద్యార్థులను ఆ పరీక్ష రాయనివ్వడానికి కూడా సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. కోర్టు చెవి మెలేస్తే తప్ప కదలని సంస్థ, వాయిదాకు వేళకు రావడం ఎలాగో కొత్త వకీళ్లకు ఏ మొహంతో నేర్పుతుంది?

ఏ కాలేజీ నుంచి ఎందరు రాశారో, ఎందరు పాసయ్యారో ఫలితాల రోజే బయటపెట్టాలి. వరసగా మూడేళ్లు సగం మందిని కూడా గట్టెక్కించలేని కాలేజీలో అడ్మిషన్లు ఆపాలి. దానికి అనుమతి సిఫార్సు చేసిన తనిఖీ బృందం పేర్లూ ప్రకటించాలి. ప్రశ్నపత్రంలో సగం డ్రాఫ్టింగ్, అంటే దావాలు, పిటిషన్లు రాయించడం, ఉండాలి. పరీక్ష నిర్వహణను కౌన్సిల్ చేతుల్లోంచి తప్పించి, కాలేజీల అనుమతులతో సంబంధం లేని స్వతంత్ర సంస్థకు అప్పగించాలి. ఇందులో ఏదీ కష్టం కాదు. కష్టమల్లా, నాసిరకం కాలేజీల జాబితా చదివినప్పుడు ప్రతి పేరు కిందా తన ముద్రే కనిపిస్తుందని ఒప్పుకోవడం. ఆ జాబితా బయటపెట్టే ధైర్యం లేనప్పుడు, నాణ్యత గురించి ఇరవై రెండేళ్ల పిల్లలకు పాఠాలు చెప్పడం కౌన్సిల్ మానుకోవాలి.