నడక వీధిని మింగేస్తున్న పార్కింగ్ పట్టిక

మాస్టర్ ప్లాన్‌లో నగర కేంద్రాన్ని ‘మిశ్రమ వినియోగ జోన్’గా ప్రకటిస్తే చాలు, జనం నడవడం మొదలుపెడతారని చాలామంది నమ్మకం. కింద దుకాణాలు, పైన ఆఫీసులు, ఇళ్లు ఉండొచ్చని రాసేసి పనైపోయిందనుకుంటారు. నా దృష్టిలో అసలు విషయం నిబంధనల పుస్తకంలో ఎవరూ తిప్పని పేజీల్లో ఉంటుంది. ఏ భవనానికి ఎన్ని కార్ల చోటు తప్పనిసరిగా ఉండాలో చెప్పే పార్కింగ్ పట్టిక అక్కడే ఉంటుంది, అదే వీధి తలరాత రాస్తుంది.

లెక్క చూద్దాం. ఒక కారు నిలపడానికి సుమారు 12 చదరపు మీటర్లు కావాలి. అది లోపలికి వచ్చి, తిరిగి బయటికి వెళ్లే దారి కూడా కలిపితే 25 నుంచి 30 అవుతుంది. 100 చదరపు మీటర్ల దుకాణానికి నాలుగు కార్ల చోటు చూపించాలంటే, ఆ పార్కింగే దుకాణమంత స్థలం తినేస్తుంది. చిన్న స్థలం ఉన్నవాళ్లు ఇక కట్టలేరు. పక్క స్థలాలు కూడా కొనగలిగిన పెద్ద బిల్డరే మిగులుతాడు. అతనూ ముందు భాగం కార్లకు వదిలి, భవనాన్ని వెనక్కి జరుపుతాడు. ఫుట్‌పాత్ మీద వెళ్లేవారికి వరసగా గేట్లు, ర్యాంపులు, ప్రహరీలే కనిపిస్తాయి. అడుగడుగునా కారు అడ్డం వచ్చే చోట పిల్లల చెయ్యి పట్టుకుని టెన్షన్ లేకుండా ఎవరు నడవగలరు?

పార్కింగ్ ఒక్కటే కాదు, జోన్ల మధ్య గీసే గీతలూ నడకకు అడ్డే. ఇళ్లను, వ్యాపారాలను విడదీసే అధికారం పట్టణాలకు ఉందని అమెరికా సుప్రీంకోర్టు 1926లో యూక్లిడ్ అనే ఊరి కేసులో తేల్చింది. ఫ్యాక్టరీ పొగ ఇళ్ల మీదికి రాకూడదనుకోవడం న్యాయమే. కానీ అదే గీతను ఇంటికీ, వీధి చివర చిన్న కొట్టుకీ మధ్య కూడా గీశారు. జపాన్‌లో అలా చేయలేదు. అక్కడ అన్నిటికన్నా కఠినమైన నివాస జోన్‌లోనూ ఇంట్లోనే చిన్న దుకాణం పెట్టుకోవచ్చు. అది 50 చదరపు మీటర్లు దాటకూడదు, ఇంటి విస్తీర్ణంలో సగానికి మించకూడదు, అంతే.

పార్కింగ్ విషయంలో అమెరికాలోనే మార్పు వచ్చింది. బఫెలో 2017లో, మినియాపోలిస్ 2021లో నగరమంతటా కనీస పార్కింగ్ నిబంధన ఎత్తేశాయి. అంటే పార్కింగ్ కట్టొద్దని కాదు, ఎంత కావాలో కట్టేవారే నిర్ణయించుకుంటారు. అయితే వికలాంగుల వాహనాలకు, సరుకు దించే బండ్లకు చోటు మాత్రం తప్పనిసరిగా ఉంచాలి. వీధిలో ఆపే కార్లకు రుసుము కూడా పెట్టాలి. లేకపోతే కార్లన్నీ పక్క వీధుల్లోకి చేరతాయి, అక్కడివాళ్లు కోప్పడటం సహజం.

నడక కోరేవాళ్లు చేసే తప్పు కూడా ఒకటుంది. ప్రతి భవనంలోనూ కింది అంతస్తులో దుకాణం ఉండి తీరాలంటారు. అన్ని దుకాణాలకు సరిపడా కొనేవాళ్లు ఎక్కడి నుంచి వస్తారు? మూసిన షట్టర్ల వరస గోడ కన్నా దిగులుగా ఉంటుంది. అందుకే వాడకాన్ని వదిలి రూపాన్ని నియంత్రించాలి. కింది అంతస్తు ఎత్తుగా ఉండాలి, తలుపులు, కిటికీలు వీధి వైపు తెరుచుకోవాలి, భవనం ఫుట్‌పాత్‌కు దగ్గరగా ఉండాలి. ఇవాళ అక్కడ క్లినిక్ నడవొచ్చు, రేపు దుకాణం రావొచ్చు. 2010లో అమల్లోకి వచ్చిన అమెరికాలోని మయామీ నగర నిర్మాణ నిబంధనల కోడ్ ఇలా రూపానికే పెద్దపీట వేసింది.

కొత్త నిబంధనలు రాసేవాళ్లు ముందుగా తమ నగరంలో జనం ఇష్టంగా నడిచే పాత వీధికి వెళ్లాలి. అక్కడి ఒక్కో భవనానికీ ఇప్పటి నిబంధనల ప్రకారం అనుమతి వస్తుందో లేదో చూడాలి. ఒకదానికి సెట్‌బ్యాక్ (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ) చాలదు, ఇంకోదానికి పార్కింగ్ ఉండదు. ఏ నిబంధన దగ్గర ఎక్కువ భవనాలు ఆగిపోయాయో, సవరణ అక్కడి నుంచే మొదలుపెట్టాలి.