రాత్రిపూట ఎయిర్ పంపు ఆపమంటున్న ఆ మెసేజ్

అక్వేరియం ఉన్నవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా తెగ తిరుగుతోంది. "రాత్రి పడుకునేముందు ఎయిర్ పంపు ఆపేయండి. చేపలూ నిద్రపోతాయి. పగలంతా కలిసిన ఆక్సిజన్ తెల్లారేదాకా సరిపోతుంది. మొక్కలున్న ట్యాంకుకైతే పంపే అక్కర్లేదు. కరెంటు ఆదా" అని దాని సారాంశం. చివర్లో, పొద్దున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆకలేసిందని అర్థమట.

ముందు ఆ "సరిపోతుంది" సంగతి చూద్దాం. నీళ్లలో ఆక్సిజన్ నిల్వ చేయడం మన చేతుల్లో లేదు. 30 డిగ్రీల దగ్గర లీటరు మంచినీళ్లు పట్టుకోగలిగేది సుమారు ఏడున్నర మిల్లీగ్రాములే. పంపు ఎంతసేపు తిప్పినా అంతకు మించి ఎక్కదు. అంటే 60 లీటర్ల ట్యాంకు మొత్తంలో అర గ్రాము కూడా ఉండదు. రెండు లీటర్ల ఖాళీ కూల్‌డ్రింక్ బాటిల్లోని గాలిలో ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. వేసవిలో నీళ్లు వేడెక్కేకొద్దీ ఈ కాస్తా తగ్గుతుంది, చేపల అవసరం మాత్రం పెరుగుతుంది.

చేపలు నిద్రపోతాయన్నది నిజమే, ఊపిరి కొంచెం తగ్గుతుంది కూడా. కానీ ఫిల్టర్ స్పాంజిలో ఉండే బ్యాక్టీరియాకు నిద్ర లేదు. చేపల మలమూత్రాల నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చేది అవే, ఆ పనికి వాటికి ఆక్సిజన్ బాగా కావాలి. ఎయిర్ పంపుతోనే నడిచే స్పాంజి ఫిల్టరైతే, పంపు ఆపడమంటే ఫిల్టరు కూడా ఆపడమే.

ఇక మొక్కలు. ఈ సలహాలో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. వెలుతురు ఉన్నంతసేపే అవి ఆక్సిజన్ ఇస్తాయి. లైటు ఆపాక అవి కూడా చేపలతో పాటు పీల్చుకునేవే. అందుకే నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువగా ఉండేది తెల్లవారుజామున. భీమవరం వైపు చెరువుల మీద బతికేవాళ్లకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. అర్ధరాత్రి దాటాక రొయ్యల చెరువుల్లో నీళ్లకు గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతూనే ఉంటాయి, డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) పడిపోయిందన్న టెన్షన్ కూడా ఆ వేళకే. మొక్కల ట్యాంకుల్లో వాటి కోసం కార్బన్ డయాక్సైడ్ వదిలేవాళ్లు కొందరు, అది బుడగలతో ఎగిరిపోకుండా పగలు పంపు ఆపి, లైటు తీసేశాక వేస్తారు. బహుశా ఆ పద్ధతినే ఎవరో తలకిందులుగా రాసి పంపినట్టున్నారు.

కరెంటు లెక్కా చూద్దాం. ఇళ్లలో వాడే చిన్న పంపు 5 వాట్లనుకుంటే, రోజూ ఎనిమిది గంటలు ఆపితే నెలకు మిగిలేది 1.2 యూనిట్లు. నిజానికి చాలామంది పంపు ఆపేది బిల్లు కోసం కాదు, పడగ్గదిలో గుర్రుమనే ఆ మోత భరించలేక. దాని కింద మందపాటి స్పాంజి పెడితే చాలావరకు తగ్గుతుంది.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. పంపు లేకుండా నడిచే ట్యాంకులూ ఉన్నాయి. బుడగ పైకి వచ్చే ఆ కాస్త దారిలో నీళ్లలో కలిసేది కొంచెమే. పెద్ద పని జరిగేది నీటి పైపొరలో, అది కదులుతూ ఉన్నప్పుడు. ఫిల్టర్ నుంచి పడే నీళ్లు పైపొరను రాత్రంతా కదిలిస్తూ, చేపలు తక్కువగా ఉంటే విడిగా ఎయిర్ పంపు అక్కర్లేదు. పైనుంచి గాలి పీల్చుకోగల బెట్టా, గౌరామీ చేపల సంగతి వేరు. గోల్డ్‌ఫిష్‌కు ఆ సౌకర్యం లేదు.

ఆకలి మాట అన్నిటికంటే అన్యాయం. ఆకలేసిన చేప మనిషిని చూసి అద్దం దగ్గరికి ఉరికొస్తుంది. ఊపిరాడని చేప మూతి నీటి అంచుకు ఆనించి, మొప్పలు గబగబా ఆడిస్తూ అక్కడే ఉండిపోతుంది, మేత వేసినా పట్టించుకోదు. తినని మేత కుళ్లి, ఉన్న కాస్త ఆక్సిజన్‌ను కూడా తినేస్తుంది. అప్పుడు చేయాల్సింది పంపు వేసి, క్లోరిన్ పోయిన, అదే వేడిలో ఉన్న నీళ్లతో పావు వంతు మార్చడం. కరెంటు లేకపోతే మగ్గుతో ట్యాంకు నీళ్లే తీసి కాస్త ఎత్తునుంచి మళ్లీ అందులోనే పోస్తూ ఉండండి. పంపు నీటిమట్టం కన్నా పైన ఉందో లేదో కూడా చూసుకోండి. కింద ఉంటే, కరెంటు పోయినప్పుడు నీళ్లు ట్యూబులోంచి పంపులోకి దిగే ప్రమాదం ఉంది. పైన పెట్టే వీలు లేకపోతే ట్యూబు మధ్యలో, నీళ్లు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వు బిగించాలి.