తిరుగు విమానం ఎక్కాక ఆ రోగి ఎవరి చేతిలో?

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల క్రైస్తవ సంఘాల్లో నర్సింగ్ చదివిన పిల్లలు లేని సంఘం అరుదు. వారిలో కొందరికి ఇప్పుడు కొత్త పిలుపు అందుతోంది. సెలవు పెట్టి, సొంత ఖర్చుతో, ఒకటి రెండు వారాలు కెన్యాకో ఉగాండాకో వైద్య పరిచర్యకు వెళ్లి రమ్మని. వందేళ్లకు పైగా మిషన్ వైద్యాన్ని అందుకున్న ప్రాంతం నుంచి మరో దేశానికి సాయం వెళ్లడం నాకు గర్వంగా ఉంది. అందుకే ఆ ప్రయాణం గురించి కాస్త కటువుగానైనా మాట్లాడుకోవాలి. వచ్చినవాళ్లు చేసిన వాటిలో ఏది నిలిచిందో, ఏది నిలవలేదో పుచ్చుకున్నవాళ్లకే బాగా తెలుసు.

పాలమూరు వైపు పనిచేసిన మెన్నొనైట్ బ్రెదరెన్ అనే క్రైస్తవ శాఖ మిషన్ చరిత్రనే తీసుకోండి. డాక్టర్ కాథరీనా షెల్లెన్‌బర్గ్ 1907లో అమెరికా నుంచి వచ్చారు. నాగర్‌కర్నూల్‌లోనూ, శంషాబాద్‌లోనూ వైద్యం చేశారు. 1945లో శంషాబాద్‌లోనే కన్నుమూశారు. తర్వాతి కాలంలో జడ్చర్ల మిషన్ దవాఖానా చుట్టుపక్కల ఊళ్లకు పెద్ద దిక్కయింది. ఆ తరం మిషనరీలలో దొరతనం లేదని నేను అనను. కాంపౌండు గోడకు అవతలివాళ్లు, ఇవతలివాళ్లు అనే తేడా గట్టిగానే ఉండేది. కానీ తాను రాసిన మందు పనిచేయకపోతే ఆ రోగి మళ్లీ తన గుమ్మం ముందుకే వస్తాడని ఆ డాక్టరుకు తెలుసు. వైద్యానికి అంతకు మించిన కట్టుబాటు లేదు. రెండు వారాల క్యాంపులో మొదట తెగిపోయేది అదే.

రక్తపోటు సంగతే చూడండి. క్యాంపులో బీపీ చూస్తారు, ఎక్కువుంటే పదిహేను రోజుల మాత్రలు ఇస్తారు. రోగికి బీపీ వల్ల బాధేమీ తెలియదు కాబట్టి మాత్రలు అయిపోగానే జబ్బు కూడా పోయిందనుకుంటాడు. ఏళ్ల తరబడి సాగాల్సిన వైద్యం పదిహేను రోజుల్లో ముగిసిపోతుంది. షుగరుదీ ఇదే కథ. పైగా, పెట్టెల్లో మోసుకెళ్లిన మందు అక్కడి దుకాణాల్లో దొరకకపోతే, స్థానిక వైద్యుడు దాన్ని కొనసాగించలేడు. దానంగా ఇచ్చే మందులకు చేరే నాటికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలని, వాటి మీది రాత అక్కడి వైద్య సిబ్బందికి అర్థమయ్యే భాషలో ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు ఏనాడో చెప్పాయి. వాడగా మిగిలిన మందులను సంఘంలో పోగుచేసి తీసుకెళ్లే అలవాటును ఈ ఒక్క కారణంతోనే మానుకోవాలి.

నల్లగొండ వాళ్లకు ఇది మరింత బాగా అర్థం కావాలి. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరైడు ఎక్కువున్న బోరు నీళ్లు తాగి వంకర తిరిగిన కాళ్లను, వంగని వెన్నులను మనం తరాల తరబడి చూశాం. ఎముకలకు పట్టిన ఫ్లోరోసిస్‌ను వెనక్కి తిప్పే మందు లేదు. ఎంత మంచి మనసుతో శిబిరం పెట్టినా, ఇవ్వగలిగేది కాల్షియం, నొప్పి మాత్రలే. మార్పు తెచ్చింది కృష్ణా నీరు. మొదట సాగర్ వైపు నుంచి, తర్వాత మిషన్ భగీరథ పైపుల్లో ఊళ్లకు చేరిన నీరు. దానికి చాలా ముందే, 1970లలో, నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతి రూపొందించారు. దాన్ని ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అనే పిలుస్తుంది.

తూర్పు ఆఫ్రికాలోని రిఫ్ట్ లోయలో కూడా భూగర్భ జలాల్లో ఫ్లోరైడు ఎక్కువ. కెన్యాలో, టాంజానియాలో, ఇథియోపియాలో మన పిల్లలకు ఉన్నటువంటి గోధుమరంగు పళ్లే అక్కడి పిల్లలకూ ఉన్నాయి. టాంజానియాలో, ఇథియోపియాలో నల్లగొండ టెక్నిక్‌ను అమలు చేసి చూశారు. మన డాక్టర్ల కంటే ముందే మన జిల్లా పేరు అక్కడికి వెళ్లింది! అయితే ఆ పద్ధతికి రోజూ ఒకరు నిలబడాలి. నీటి గుణాన్ని బట్టి పటిక మోతాదు మారుతుంది. కలపాలి, తేర్చాలి, అడుగున చేరిన మడ్డి తీయాలి. ఎవరూ పట్టించుకోని చోట మూలనపడుతుంది. మందుల పెట్టెకు ఉన్న పరిమితే దీనికీ ఉంది, మనిషి లేకపోతే సాగదు.

విశ్వాసం పేరుతో వెళ్తున్నాం కాబట్టి మంచి సమరయుని ఉపమానాన్ని మరోసారి చదవమని అడుగుతాను. ఆయన దారిన పోయే మనిషి. గాయపడినవాడి దగ్గర ఒక్క రాత్రి మాత్రమే ఉన్నాడు. గాయాలు కట్టి, తన వాహనం మీద పూటకూళ్ల ఇంటికి చేర్చాడు. మరునాడు ఆ ఇంటివాడికి రెండు దేనారములు ఇచ్చి, ఇంకేమైనా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు తీరుస్తానని చెప్పి వెళ్లాడు. మన ప్రసంగాల్లో నూనె, ద్రాక్షారసం దగ్గరే ఆగిపోతాం. మిగతా సేవంతా చేసిన పూటకూళ్లవాడి గురించి, అతనికి ముందుగా చెల్లించిన సొమ్ము గురించి మాట్లాడం. స్వల్పకాలిక పరిచర్యకు అంతకంటే స్పష్టమైన నమూనా నాకు కనిపించలేదు.

అలా సాగుతున్న పనులు ఉన్నాయి. మెర్సీ షిప్స్ అనే క్రైస్తవ సేవాసంస్థ ఆసుపత్రి ఓడ ఒక ఆఫ్రికా రేవులో నెలల తరబడి నిలుస్తుంది. వాలంటీర్లు కొన్ని వారాలకే వచ్చి వెళ్లినా, వార్డు అక్కడే ఉంటుంది. 1996లో మొదలైన పాన్ ఆఫ్రికన్ అకాడమీ ఆఫ్ క్రిస్టియన్ సర్జన్స్ అక్కడి మిషన్ ఆసుపత్రుల్లోనే ఆఫ్రికా వైద్యులను సర్జన్లుగా తయారుచేస్తోంది. ఇలాంటి చోటికి నవజాత శిశువుల వార్డులో ఏళ్ల అనుభవమున్న మన నర్సు వెళ్లి, అక్కడి నర్సులతో కలిసి డ్యూటీ చేస్తే ఆమె నైపుణ్యం అక్కడ మిగులుతుంది. సెలవే దొరకని ఏకైక డాక్టరుకు బదులుగా రెండు వారాలు నిలబడటం కూడా గొప్ప సేవే.

అర్హత విషయంలో మాత్రం రాజీ కుదరదు. ఇక్కడ కుట్లు వేయడానికి అనుమతి లేని విద్యార్థి అక్కడా వేయకూడదు. ఆ దేశపు వైద్య మండలి తాత్కాలిక అనుమతి లేకుండా డాక్టరు స్టెతస్కోపు పట్టకూడదు. ఉగాండాలోని జింజాలో వైద్య శిక్షణ లేని ఒక అమెరికన్ యువతి పోషకాహార లోపమున్న పిల్లల కోసం కేంద్రం నడిపింది. పిల్లల్ని పోగొట్టుకున్న ఇద్దరు తల్లులు 2019లో కోర్టుకెక్కారు. మరుసటి ఏడాది వ్యవహారం రాజీతో ముగిసింది. ఆమె వెళ్లింది ఏళ్ల తరబడి ఉండటానికే. ఎక్కువ కాలం ఉండటం ఒక్కటే చాలదని ఆ కేసు చెబుతోంది.

ప్రార్థన సంగతి కూడా చెప్పాలి. వరుసలో నిలబడ్డ తల్లి చేతిలో జ్వరంతో బిడ్డ ఉన్నప్పుడు, ముందు ప్రార్థన, తర్వాత మందు అంటే ఆమె కాదనలేదు. కాదనలేని మనిషి చేత అవుననిపించుకోవడం సువార్త కాదు. అడిగినవారితో, వైద్యం పూర్తయ్యాక, మనసారా ప్రార్థించండి.

కాబట్టి ఫారం నింపే ముందు అడగాల్సింది అక్కడి ఆసుపత్రినే. మమ్మల్ని పిలిచింది మీరా, మా కమిటీయా? మేము చూసిన రోగుల కాగితాలు మీ రికార్డులో చేరతాయా? మా టికెట్ల సొమ్ము నేరుగా పంపితే మీకు ఎక్కువ పనికొస్తుందా? మూడో ప్రశ్నకు వాళ్లు అవునంటే డబ్బు పంపి, ఇంటి దగ్గరే ఉండిపోవాలి. వెళ్లి వచ్చినవాళ్ల సాక్ష్యం రోజున తెర మీద రోగుల ఫొటోలు వద్దు. అక్కడి నర్సుల పెద్ద, మేట్రన్ రాసిన ఉత్తరం చదవండి, ఏ పని ఉపయోగపడిందో, ఏది భారమైందో ఆమె మాటల్లోనే. మళ్లీ ఎవరైనా వెళ్లాలా వద్దా అన్నది ఆ ఉత్తరాన్ని బట్టే నిర్ణయించాలి.