సెక్రటరీ గారి నవల: ఇంకా మూడో పేజీ

తెలుగు సాహిత్యం ఎందుకు వెనకబడిందని ఈమధ్య ఏ సభకెళ్ళినా ఎవరో ఒకరు మైకు పట్టుకుని బాధపడుతున్నారు, చదివేవాళ్ళు లేరని ఒకరు, పత్రికలు మూతపడ్డాయని ఇంకొకరు, పిల్లలకి తెలుగు రావట్లేదని మరొకరు. అన్నీ తప్పే. అసలు కారణం మా అపార్ట్‌మెంట్ సంపు. అది అడుగంటిన రోజునే నా నవల కూడా అడుగంటింది, దీనికి నేనే సాక్ష్యం.

నేను నిజాంపేటలో 96 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌కి సెక్రటరీని. జీతం లేదు, భత్యం లేదు, పదవీకాలం రెండేళ్ళు, ఇప్పుడు నాలుగో ఏడు నడుస్తోంది. ఎవరికీ తెలీకుండా నా మానాన నేను కథలు రాసుకుంటుంటే ఒక ఆదివారం అనుబంధంలో నా కథ ఫొటోతో సహా పడింది, అదీ కొంప ముంచింది. ఆ సాయంత్రమే పాత కమిటీ వాళ్ళు ఐదుగురు పుల్లారెడ్డి స్వీట్ బాక్స్ పట్టుకుని వచ్చేశారు. "మేడమ్, మీరు రైటరని తెలీదండీ మాకు, ఇన్నాళ్ళూ నోటీసులు రాసే మనిషి లేక చచ్చిపోతున్నాం" అన్నారు. తెలుగు కథకి గత పాతికేళ్ళలో దక్కిన అత్యంత నిజాయితీ గల సమీక్ష ఇదేనేమో. మొహమాటానికి ఒక కాజా తిన్నాను. కాజా తిన్నాక కాదనకూడదట.

అప్పటికి నా నవల మూడో పేజీలో ఉంది. రాజమండ్రిలో తెల్లవారుజామున నా కథానాయిక గోదావరిలోకి దిగి మోకాల్లోతు నీళ్ళలో నిలబడి వెనక్కి తిరిగి రేవు వైపు చూస్తుంది. అక్కడే ఫోన్ మోగింది, ‘ఎ’ బ్లాక్‌లో నీళ్ళు రావట్లేదని. నాలుగేళ్ళయింది, ఆ పిల్ల ఇంకా నీళ్ళలోనే ఉంది. ఈలోపు గోదావరికి ఎన్నిసార్లు వరదొచ్చిందో, ఆవిడ మాత్రం కదల్లేదు, ఓపిక గల మనిషి.

కవిత్వం రాయాలంటే ఏమేం కావాలో అల్లసాని పెద్దన గారు ఒక చాటుపద్యంలో లిస్టు ఇచ్చారని అందరికీ తెలిసిందే కదా. ఆ లిస్టు పెట్టుకుని నా పరిస్థితి ఒకసారి చూసుకున్నాను, పైకి కనపడేంత ఘోరంగా ఏం లేదు. మొదటిది ఏ ఆటంకం లేని చోటు, నిరుపహతి స్థలం అన్నారాయన. మాకు ఉంది, జనరేటర్ రూం వెనకాల, కరెంటు ఉన్నంతసేపూ అక్కడికి ఎవరూ రారు. ఇష్టమైన మనిషి పంపిన దూతిక కప్పురవిడెం, అంటే కర్పూర తాంబూలం, తెచ్చివ్వాలి అన్నారు, నాకు వాచ్‌మన్ భార్య తెచ్చిస్తుంది, విడెం కాదు, కరెంటు బిల్లు. ఉయ్యాల మంచం కింద పిల్లల పార్కులో ఉంది గానీ ఒక గొలుసు తెగి ఏడాదైంది, కొత్త గొలుసు అందరి డబ్బుతో కొనాలా, పిల్లలున్న ఫ్లాట్ల దగ్గరే వసూలు చేయాలా అన్నది ఇంకా తేలలేదు. ఇక తప్పులు పట్టే రసజ్ఞులంటారా, పెద్దన గారికి కూడా ఇంతమంది దొరికి ఉండరు. 502లో రిటైర్డ్ ఆడిటర్ గారొకరున్నారు. "లిఫ్టు రిపేరు" అని పెడితే "రిపేరా, సర్వీసా, ఏఎంసీలో వస్తుందా రాదా, స్పష్టత లేదు" అని రిప్లై వచ్చేస్తుంది, ఏఎంసీ అంటే ఏడాదికోసారి చేసుకునే మెయింటెనెన్స్ ఒప్పందం లెండి. మెయింటెనెన్స్ నెలకి ఫ్లాటుకి 7500 రూపాయలు దాటితేనే 18 శాతం జీఎస్టీ గొడవ, మాది 2800, ఆ సంగతి ఆయనకి నాకంటే బాగా తెలుసు, అయినా ప్రతి మీటింగులో "రేపు దాటితే?" అని అడుగుతారు. మాది దాటాలంటే ముందు అందరూ ఆ 2800 కట్టాలి కదండీ.

మరి రాయలవారు రాజ్యం ఏలుతూ కావ్యం రాయలేదా, నీకేం రోగం అని మా మేనమామ అడిగారు. ఈ పోలిక నాకు గర్వంగానే ఉంది గానీ ఆయనకి తిమ్మరుసు ఉన్నాడు, నాకు ట్రెజరర్ ఉన్నారు, ఆయన పోయిన డిసెంబర్ నుంచి డాలస్‌లో కూతురి దగ్గర ఉన్నారు, చెక్‌బుక్ బీరువాలో ఉంది, బీరువా తాళం డాలస్‌లో ఉంది. ఇంకో విషయం, రాయలవారు కళింగ దండయాత్రకి వెళ్తూ కృష్ణా తీరాన శ్రీకాకుళంలో ఆగితే ఆంధ్రవిష్ణువు కలలో కనపడి కావ్యం చెప్పమన్నాడు. నాకూ తెల్లవారుజామునే కలలొస్తాయి. ట్యాంకర్ డ్రైవర్ కనపడి "మేడమ్, గేటు తీయించండి" అంటాడు. లేచి చూస్తే అది కల కాదు. "పొద్దున్నే నాలుక్కి లేచి రాసుకోండి, ప్రశాంతంగా ఉంటుంది" అని సలహా ఇచ్చేవాళ్ళందరికీ నా మనవి ఒక్కటే, ట్యాంకర్ కూడా నాలుక్కే వస్తుంది, అదీ రోడ్డు ఖాళీగా ఉంటుందనే.

వీరేశలింగం పంతులు గారి సంగతైతే ఇంకా చిత్రం. 1874లోనే పత్రిక పెట్టారు, 1881 డిసెంబర్ 11న మొదటి వితంతు వివాహం చేయించారు, ఊరంతా వెలేసింది, ఇన్నిటి మధ్యా కుప్పలు కుప్పలుగా రాసి పడేశారు. ఎలా కుదిరిందబ్బా అని చాలారోజులు ఆలోచించాను. తర్వాత గుర్తొచ్చింది, వెలి భయానికి వంటవాళ్ళూ నీళ్ళవాళ్ళూ రావడం మానేస్తే రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరి నుంచి బిందెలు మోసుకొచ్చి వంట చేసి పెళ్ళి జరిపించారు. అదీ సంగతి. మా ఇంట్లో నీళ్ళు రాకపోతే మా ఆయన బాత్రూంలోంచి తల బయటికి పెట్టి, మొహం నిండా సబ్బుతో, "సెక్రటరీ గారూ, ఎప్పుడొస్తాయండీ?" అని అడుగుతారు.

ఏదేమైనా ఈ నాలుగేళ్ళలో నేనేం రాయలేదంటే అబద్ధమే. సంపు శుభ్రం చేయడం మీద 14 నోటీసులు, బాల్కనీలోంచి పావురాలకి గింజలేసేవాళ్ళ మీద 9, పై ఫ్లాట్ బాత్రూం కింది ఫ్లాట్ సీలింగులోంచి కారడం మీద ఒక సుదీర్ఘ ఉత్తర ప్రత్యుత్తర గాథ. ఇందులో నా శైలి బాగా పదునెక్కింది. కథల్లో నాకు ముగింపులు కుదరవని ఒక విమర్శకుడు రాశాడు గానీ "లేనిచో నీటి కనెక్షన్ నిలిపివేయబడును" కంటే బిగువైన ముగింపు ఏ కథలో ఉందో చూపించమనండి. పైగా నా కథల సంపుటి 500 కాపీలేస్తే 300 పైచిలుకు మా మంచం కిందే ఉన్నాయి, అదే నోటీసు పెడితే పావుగంటలో 96 ఫ్లాట్లూ చదివేస్తాయి, బ్లూ టిక్కులు పడతాయి, ఇద్దరు కొట్టుకుంటారు, ఒకరు గ్రూపులోంచి లెఫ్ట్ అయిపోతారు. పాఠకుడిలో ఇంత చలనం తెచ్చిన రచన నేను ఇంతకుముందు రాసి ఎరగను. నోటీసుని ప్రత్యేక ప్రక్రియగా గుర్తించి ఏటా ఒక పురస్కారం ఇవ్వాలని అకాడమీలని ఈ సందర్భంగా కోరుతున్నాను, శాలువా వద్దు, ఒక మోటార్ ఇప్పిస్తే చాలు.

వినాయక చవితి గురించి విడిగా రాయాలి గానీ నవలే రాయలేనిదాన్ని అదేం రాస్తాను. బాలాపూర్ లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలై 2024కి 30 లక్షల వెయ్యికి చేరింది కదా, మనం కూడా పెడదాం, ఆ డబ్బుతో లిఫ్టు మార్చేద్దాం అని మా కల్చరల్ కమిటీ ఉత్సాహపడింది. వేలం బ్రహ్మాండంగా జరిగింది, 41 వేలకి పాడారు. పాడినాయన ఇంకా కట్టలేదు, లడ్డూ మాత్రం ఆ రాత్రే అయిపోయింది, రిమైండర్ డ్రాఫ్టు మూడుసార్లు రాశాను, మూడోది చాలా కవితాత్మకంగా వచ్చింది.

పోయిన ఆదివారం సెల్లార్‌లో జనరల్ బాడీ మీటింగ్. నా మాట నమ్మండి, రాజీనామా లెటర్ రాసుకునే వెళ్ళాను, అందులో సృజన, అంతర్మథనం లాంటి మాటలు కూడా ఉన్నాయి. మామూలుగా అయితే "సెక్రటరీగా ఎవరు చేస్తారు?" అనగానే 40 మందీ ఒకేసారి ఫోన్లలోకి దిగిపోతారు. ఈసారి అనుకోనిది జరిగింది. 304లో కొత్తగా దిగిన కుర్రాడు, సాఫ్ట్‌వేర్, వర్క్ ఫ్రం హోమ్, చెయ్యెత్తి "నేను చేస్తా ఆంటీ, మీరు రైటర్ కదా, హ్యాపీగా రాసుకోండి" అన్నాడు. చప్పట్లు కూడా కొట్టారు కొంతమంది.

నాకు ఒళ్ళు జలదరించింది. ఆనందం అనే అనుకున్నాను. కానీ నోరు మాత్రం "చాలా సంతోషం నాన్నా, ఇంతకీ మన రెండో బోరు ఎన్ని అడుగులు?" అని అడిగేసింది. వాడికి తెలీదు. ఎండాకాలం ట్యాంకర్ రేటు ఎంత, మామూలప్పుడు ఎంత? తెలీదు. లిఫ్టు ఏఎంసీ ఏ నెలలో అయిపోతుంది? మురుగునీళ్ళు శుద్ధి చేసే ఎస్‌టీపీ మోటార్ కాయిల్ చుట్టే మనిషి ఎక్కడుంటాడు? పాపం ఎనిమిదో ప్రశ్నకి "నెక్స్ట్ ఇయర్ చూద్దాం ఆంటీ" అని కూర్చున్నాడు. సభ కోరిక మీద, సంస్థ శ్రేయస్సు దృష్ట్యా నేనే కొనసాగడానికి అంగీకరించినట్టు మినిట్స్‌లో రాసుకున్నాం. మినిట్స్ రాసేది కూడా నేనే.

ఇంటికొచ్చాక మా ఆయన ఏమీ అనలేదు. సోఫాలో ఆ మూడు పేజీలు పట్టుకుని కూర్చుని ఉన్నారు, ఎక్కడ దొరికాయో మరి. చదివి, కళ్ళజోడు తీసి, "బానే ఉందే. ఇంతకీ ఈ పిల్ల నీళ్ళలో నిలబడి వెనక్కి ఎందుకు చూసింది, రేవులో ఎవరున్నారు?" అన్నారు.

నేను ఆయన వైపు చూస్తూ ఉండిపోయాను. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది, బి బ్లాక్ లిఫ్టు మూడో ఫ్లోర్‌కీ నాలుగో ఫ్లోర్‌కీ మధ్య ఆగిపోయిందట, లోపల ఆడిటర్ గారున్నారట. ప్రాణం లేచొచ్చిందంటే నమ్మండి, చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను.