ఫైలు గారు కాలం చేశారు

బ్యాకప్ ఫెయిలయిందని రాత్రి రెండున్నరకు ఫోన్ చేసి లేపేవాళ్లు ఒక ధర్మసూక్ష్మం మర్చిపోతున్నారు. లేని ఫైలును ఎవరూ కాపీ చేయలేరు. ఒరాకిల్ వారి డేటాబేస్‌కు బ్యాకప్ తీసిపెట్టే ఆర్‌మ్యాన్ కూడా చేయలేదు. పాపం అది 'ఆర్ఎంఏఎన్-06059, ఉండాల్సిన ఆర్కైవ్ లాగ్ కనబడటం లేదు' అని నిజాయితీగా చెప్పి తప్పుకుంటుంది. (ఆర్కైవ్ లాగంటే డేటాబేస్‌లో జరిగిన మార్పులన్నీ వరసగా రాసిపెట్టుకునే చిట్టా.) కింద లైనక్స్ 'నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ' అని సాక్షి సంతకం పెడుతుంది. ఇంత పద్ధతిగా చెప్పినదాన్ని ఎర్రర్ అనడం అన్యాయం.

మా ఆఫీసు సంగతే చూడండి. శుక్రవారం సాయంత్రం డిస్కు నూటికి నూరు శాతం నిండిపోయింది. ఆర్కైవ్ లాగులు రాసుకునే చోటు లేక డేటాబేస్ బిగుసుకుపోయింది. టీములో కుర్రాడొకడు "పాత లాగులే కదన్నా" అంటూ ఫైళ్లు చెరిపేసే ఆర్ఎం కమాండ్ కొట్టాడు. డిస్కు 61 శాతానికి దిగింది. గ్రూపులో మేనేజర్ గారు బొటనవేలు పెట్టారు.

ఇబ్బందల్లా ఒక్కటే. లాగులు పోయిన సంగతి, ఏ ఫైలు ఎక్కడుందో లెక్క రాసుకునే కంట్రోల్ ఫైలుకు ఎవరూ చెప్పలేదు. దాని లెక్కలో 48213 నంబరు లాగు ఇంకా నిక్షేపంలా ఉంది, రేషన్ కార్డులో పోయిన తాతయ్య పేరున్నట్టు. రాత్రి బ్యాకప్ వెళ్లి తలుపు కొడితే ఎవరూ పలకలేదు.

దీనికి శాస్త్రోక్తమైన పరిష్కారం ఉంది. మొదట 'క్రాస్‌చెక్ ఆర్కైవ్‌లాగ్ ఆల్'. ఇది పంచనామా. ఆర్‌మ్యాన్ ఒక్కో ఫైలునూ పేరుపెట్టి పిలిచి, పలకనిదాని పక్కన 'ఎక్స్‌పైర్డ్' అని రాసుకుంటుంది. ఆ మాట ఎంచినవాడెవరో గానీ కర్మకాండ తెలిసినవాడు. తర్వాత 'డిలీట్ ఎక్స్‌పైర్డ్ ఆర్కైవ్‌లాగ్ ఆల్'. కార్డులోంచి పేరు తీసేయడమన్నమాట. మళ్లీ బ్యాకప్ పెడితే నున్నగా వెళ్లిపోతుంది, టికెట్ మూసేస్తారు. ఫైలు మాత్రం రాదు. వస్తుందని ఎవరన్నారు? మనకు కావలసింది ఎర్రర్ పోవడం.

ఈ తద్దినం కూడా ఎందుకనుకునేవారికి 'స్కిప్ ఇన్‌యాక్సెసిబుల్' ఉంది. దొరికింది కాపీ చెయ్, దొరకనిది వదిలెయ్. మేం దాన్ని స్క్రిప్టులో శాశ్వతంగా చేర్చాం. ఆనాటి నుంచి మా బ్యాకప్ ఒక్కసారి కూడా ఫెయిలవలేదు.

గిట్టనివాళ్లు ఎక్కడైనా ఉంటారు. మా సీనియర్ ఒకాయన, "ఆదివారం ఫుల్ బ్యాకప్ నుంచి రికవరీ మొదలుపెడితే లాగులు వరసగా ఎక్కాలి. 48212 దగ్గర బండి ఆగుతుంది. 48214 చేతిలో ఉన్నా దండగే. అర్జెంటుగా కొత్త ఫుల్ బ్యాకప్ తీయండి. ఇకనుంచి బ్యాకప్ అయిన లాగులే తీసేయండి, అదీ ఆర్‌మ్యాన్ చేతే" అన్నారు. ఆయన్ని తర్వాతి మీటింగుకు పిలవలేదు.

పైగా ఈ విద్య మనకొక్కరికే పట్టుబడిందేమీ కాదు. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్ల కోడు దాచిపెట్టే గిట్‌ల్యాబ్ కంపెనీలో ఒక ఇంజినీరు ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్‌లో డేటా తుడిచేశాడు. గుర్తించి ఆపేసరికి సుమారు 300 జీబీలో నాలుగున్నర జీబీ మిగిలింది. బ్యాకప్ లేదా అంటే, రకరకాలు ఉన్నాయి. బ్యాకప్‌లు దాచే ఎస్3 బకెట్ (అమెజాన్ వారి ఆన్‌లైన్ గోదాము) తెరిస్తే ఖాళీ. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6, కాపీ తీయాల్సిన పీజీడంప్ 9.2. వయసు తేడాతో పొత్తు కుదరక అది రోజూ ఆగిపోయేది. ఆగిపోయానని మెయిల్ కూడా పెట్టేది. ఆ మెయిళ్లను, సరైన సంతకం లేదని, అవతలి మెయిల్ సర్వర్ తిప్పికొట్టేది. చివరికి ఆదుకున్నది ఆరు గంటల ముందు వేరే పని కోసం చేత్తో తీసిన స్నాప్‌షాట్, అంటే ఆ క్షణానికి డేటా నకలు. తీసింది కూడా ఆ ఇంజినీరే! రికవరీని వాళ్లు యూట్యూబ్‌లో లైవ్ పెట్టారు. మనం అలాంటివి పెట్టం, మనకు పరువుంది.

మొన్న ఆడిటర్ వచ్చి "ఎప్పుడైనా రీస్టోర్ చేసి చూశారా?" అని అడిగాడు. వరసగా 90 రోజుల 'కంప్లీటెడ్' రిపోర్టులు చూపించాం. టీ తాగి వెళ్లాడు.

ఇవాళ మళ్లీ శుక్రవారం. డిస్కు 97 దగ్గరుంది. కుర్రాడు గ్రూపులో "అన్నా, పాత లాగులే కదా?" అని పెట్టాడు. నేను జవాబు టైపు చేసేలోపే మేనేజర్ గారి బొటనవేలు పడింది.